రెండవ ఫ్రెడెరిక్ (పవిత్ర రోమను చక్రవర్తి)

రెండవ ఫ్రెడెరిక్ (1194 డిసెంబరు 26 – 1250 డిసెంబరు 13) మధ్యయుగపు ఐరోపాను పాలించిన సుప్రసిద్ధ చక్రవర్తి. సిసిలీకి రాజుగా, జర్మనీకి రాజుగా, పవిత్ర రోమను సామ్రాజ్యమునకు చక్రవర్తిగా, జెరూసలేమునకు రాజుగా నాలుగు కిరీటములు ధరించాడు. ఇతడు హోహెన్‌స్టాఫెన్ వంశమునకు చెందినవాడు. బహుభాషావేత్త, శాసనకర్త, విద్యాపోషకుడు. డేగలను మచ్చిక చేసి వాటితో వేటాడు విద్యపై లాటిను భాషలో ఇతడు రచించిన "పక్షులతో వేటాడు కళ" (దే ఆర్తే వెనాండి కుమ్ అవిబుస్) అను గ్రంథము పక్షిశాస్త్ర చరిత్రలో మైలురాయిగా గుర్తింపు పొందింది. జీవితమంతా పోపులతో వైరము సాగించి, మూడు పర్యాయములు పైగా వెలివేతకు గురై, చివరకు డేగవేటలో ఉన్న వేళనే తన శిబిరమును, కిరీటమును, ఆ గ్రంథపు ప్రతిని కూడా శత్రువులకు కోల్పోయాడు.

జననము, బాల్యము

ఫ్రెడెరిక్ ఇటలీలో అంకోనా పట్టణమునకు సమీపమున గల యేసి అను ఊరిలో జన్మించాడు. తండ్రి చక్రవర్తి ఆరవ హెన్రీ. తల్లి సిసిలీ రాకుమారి కాన్‌స్టన్స్. ఎర్రగడ్డపువాడని పేరొందిన చక్రవర్తి ఫ్రెడెరిక్ బార్బరోస్సా ఇతని తాత. సిసిలీని పాలించిన నార్మను రాజు రెండవ రోజర్ ఇతని మాతామహుడు. ఫ్రెడెరిక్ పుట్టునాటికి తల్లి వయస్సు నలుబది సంవత్సరములు. ఆ వయస్సులో ఆమెకు సంతానము కలుగుటను పలువురు శంకించారనియు, అందువలన ఊరి నడుమ గుడారము వేయించి పదిమంది ఎదుట ప్రసవించినదనియు ఒక కథ తరువాతి కాలమున ప్రచారములోనికి వచ్చింది.

మూడవ ఏట, 1197లో తండ్రి మరణించాడు. 1198 మే నెలలో పలెర్మో నగరమున ఫ్రెడెరిక్‌కు సిసిలీ రాజుగా పట్టాభిషేకము జరిగింది. అదే సంవత్సరము నవంబరులో తల్లి కూడా కన్నుమూసింది. మరణమునకు ముందు ఆమె బిడ్డను పోపు మూడవ ఇన్నోసెంట్ సంరక్షణలో ఉంచింది. పోపు రోములోను, బాలరాజు పలెర్మోలోను ఉండుటచే ఆ సంరక్షణ చాలవరకు పేరునకే మిగిలింది. 1201లో జర్మను సేనాని మార్క్‌వార్డ్ పలెర్మోను ఆక్రమించి బాలుని తన వశము చేసుకున్నాడు. ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారుతూ రాజు పెరిగాడు.

ఆనాటి పలెర్మో లాటిను, గ్రీకు, అరబ్బీ భాషలు మూడును వినిపించు నగరము. అంతకు ముందు అరబ్బులు, వారికి ముందు బైజాంటియము వారు ఏలిన ద్వీపమగుటచే చర్చీలు, మసీదులు, యూదుల ప్రార్థనాలయములు ఒకేచోట ఉండేవి. ఫ్రెడెరిక్ చిన్ననాటనే పలు భాషలు నేర్చుకొనుటకు, పరమతస్థులైన పండితులతో నిస్సంకోచముగా సంభాషించుటకు ఈ వాతావరణమే కారణమని చరిత్రకారులు భావిస్తారు.

రాజ్యాధికారము

పదునాలుగు ఏండ్లు నిండగానే, 1208 డిసెంబరులో, ఫ్రెడెరిక్ స్వయముగా పాలన చేపట్టాడు. మరుసటి సంవత్సరము హంగరీ రాజు భార్యగా ఉండి వితంతువైన అరగాన్ రాకుమారి కాన్‌స్టన్స్‌ను వివాహమాడాడు. 1212లో కొద్దిమంది అనుచరులతో ఆల్ప్స్ పర్వతములు దాటి జర్మనీ చేరి, డిసెంబరులో మైంజ్ నగరమున జర్మనీ రాజుగా అభిషిక్తుడయ్యాడు. 1214లో బువీన్ యుద్ధములో ఇతని ప్రత్యర్థి నాలుగవ ఒట్టో ఫ్రెంచి రాజు చేతిలో ఓడిపోవుటతో జర్మనీలో ఎదురు లేకుండా పోయింది. 1215లో ఆహెన్ నగరమున మరల పట్టాభిషిక్తుడై, ఆ సందర్భముననే క్రూసేడు (మతయుద్ధము) చేయుదునని ప్రతిజ్ఞ చేశాడు. ఈ ప్రతిజ్ఞయే తరువాత ఇతని మెడకు చుట్టుకుంది. 1220 నవంబరు 22న రోములో పోపు మూడవ హొనోరియస్ ఇతనికి చక్రవర్తి కిరీటము ధరింపజేశాడు.

పాలన, విద్యాపోషణ

చక్రవర్తి అయిన తరువాత ఫ్రెడెరిక్ ఎక్కువ కాలము దక్షిణ ఇటలీలోనే గడిపాడు. అందులోను అపూలియా ప్రాంతము ఇతనికి మిక్కిలి ప్రీతిపాత్రము. విశాలమైన మైదానములు, చిత్తడి నేలలు, వలస పక్షులు గల ఆ ప్రాంతము డేగవేటకు అనువైనది. ఫోజియాలో రాజభవనము కట్టించాడు. 1240 ప్రాంతమున ఎనిమిది కోణములతో, కోణమునకొక ఎనిమిది కోణముల బురుజుతో నిర్మించిన కాస్టెల్ డెల్ మోంటె కోట నేటికీ నిలిచి ఉన్నది.

1224లో నేపుల్సు నగరమున విశ్వవిద్యాలయమును స్థాపించాడు. చర్చి ద్వారా గాక రాజశాసనము ద్వారా ఏర్పడిన తొలి ఐరోపా విశ్వవిద్యాలయముగా దీనిని పేర్కొంటారు. 1231లో మెల్ఫీ శాసనములను ప్రకటించాడు. న్యాయపాలన అంతటిని రాజాధికారము క్రిందికి తెచ్చిన ఈ శాసనములలో వైద్యుల అర్హతలను గూర్చి, వైద్యులకును మందులమ్మువారికిని మధ్య ఉండవలసిన ఎడమును గూర్చి కూడ నియమములు ఉన్నాయి.

ఇతని ఆస్థానములో లాటిను, గ్రీకు, యూదు, అరబ్బు పండితులు ఉండేవారు. స్కాట్లాండు నుండి వచ్చిన మైకేల్ స్కాట్ అరబ్బీ నుండి అరిస్టాటిల్ గ్రంథములను, ఇబ్న్ సీనా వ్రాసిన జంతుశాస్త్రమును లాటినులోనికి అనువదించాడు. భారతీయ అంకెలను ఐరోపాకు పరిచయము చేసినవారిలో ముఖ్యుడైన పీసా నగరవాసి ఫిబొనాచ్చి ఆస్థాన పండితులు అడిగిన గణిత సమస్యలను సాధించి, 1225లో తన వర్గసంఖ్యల గ్రంథమును ఫ్రెడెరిక్‌కు అంకితమిచ్చాడు. సిసిలీ మాండలికములో కవిత్వము చెప్పు కవులు కూడ ఈ ఆస్థానమున వర్ధిల్లారు. వారిలోని జాకొమో ద లెంతీని పదునాలుగు పాదముల సానెట్ ప్రక్రియకు ఆద్యుడని చెబుతారు.

అయితే ఈ పాలన అందరికీ మేలు చేసినది కాదు. సిసిలీలో తిరుగుబాటు చేసిన ముస్లిములను వేల సంఖ్యలో స్వస్థలముల నుండి పెరికి, అపూలియాలోని లుచేరా పట్టణమునకు తరలించాడు. అచ్చట వారి మతాచారములకు అడ్డు చెప్పలేదు, కాని వారి పూర్వపు ఊళ్ళు వారికి మరల దక్కలేదు. చర్చిని కాదన్నవారికి మరణదండన విధించు శాసనములపై కూడ ఇతడు సంతకము చేశాడు.

జెరూసలేము యాత్ర

1225లో ఫ్రెడెరిక్ జెరూసలేము రాజ్యమునకు వారసురాలైన ఇసబెల్లాను (యోలాండ్) ద్వితీయ వివాహము చేసుకున్నాడు. 1227లో క్రూసేడుకు ఓడలెక్కి, వ్యాధిగ్రస్తుడై వెనుదిరిగాడు. పోపు తొమ్మిదవ గ్రెగొరీ ఆ కారణమును నమ్మక, ఇతనిని చర్చి నుండి వెలివేశాడు. వెలివేతలో ఉండగనే 1228లో ఫ్రెడెరిక్ తిరిగి బయలుదేరాడు.

అచ్చట యుద్ధమునకు బదులు సంప్రదింపులు జరిగాయి. ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌తో 1229 ఫిబ్రవరి 18న యాఫాలో సంధి కుదిరింది. పది సంవత్సరముల పాటు జెరూసలేము, బేత్లెహేము, నజరేతు క్రైస్తవుల పాలనకు, జెరూసలేములోని మసీదుల ప్రాంగణము ముస్లిముల ఆధీనమునకు వచ్చునట్లు ఒప్పుకున్నారు. రక్తపాతము లేకుండా సాధించిన ఈ ఫలితమును ఇరుపక్షముల ఛాందసులును ఖండించారు. మార్చి 18న పవిత్ర సమాధి చర్చిలో ఫ్రెడెరిక్ కిరీటమును తన చేతులతోనే తలపై పెట్టుకున్నాడు.

ఈ ప్రయాణము ఇతని డేగవేట విద్యకు కూడ మేలు చేసింది. అరబ్బులు డేగ తలకు తొడుగు తోలు కుళ్ళాయిని ఇతడు అచ్చట పరిశీలించి ఐరోపాకు తెచ్చాడు. గాలి ఆడుటకు దానికి రంధ్రములు చేయించి మెరుగుపరచినట్లు తన గ్రంథములో చెప్పుకున్నాడు.

డేగవేటపై ఆసక్తి

రాజులకు డేగవేట ఆనాడు ఐరోపా అంతటా వినోదము. ఫ్రెడెరిక్‌కు మాత్రము అది శాస్త్రము. అధిక వ్యయముతో అరేబియా మొదలగు దేశముల నుండి నిపుణులను రప్పించి, వారికి తెలిసినదంతయు అడిగి తెలుసుకున్నాడు. మొవామిన్ అను పేరుతో ప్రసిద్ధమైన అరబ్బీ డేగవైద్య గ్రంథమును ఆస్థాన పండితుడు థియొడోర్ చేత లాటినులోనికి అనువదింపజేశాడు. 1240–41లో ఫయెంజా పట్టణమును ముట్టడించి ఉన్నప్పుడు శిబిరములో కూర్చుండి ఆ అనువాదమును స్వయముగా సరిదిద్దాడు. 1239–40 నాటి రాజశాసనముల దస్త్రములో, యుద్ధ సన్నాహములకు సంబంధించిన ఉత్తరువుల నడుమ, డేగల ఆరోగ్యము గూర్చి, ఈకలు రాల్చు కాలమున వాటి పోషణ గూర్చి, మాల్టా ద్వీపము నుండి డేగలను తెచ్చుట గూర్చి వ్రాయించిన లేఖలు కనిపిస్తాయి.

డేగల రకములు

ఫ్రెడెరిక్ తన గ్రంథములో ప్రధానముగా నాలుగు రకముల డేగలను వివరించాడు. అన్నిటికంటె పెద్దది, ఉత్తర దేశముల నుండి వచ్చు జిర్‌ఫాల్కను. ఐస్‌లాండు ద్వీపము నుండి వచ్చువానిని ఇతడు ప్రత్యేకముగా పేర్కొన్నాడు. రెండవది సేకరు. మూడవది పెరిగ్రిను. తెలుగువారు బైరి డేగ అని పిలుచునది ఈ జాతియే. నాలుగవది లానరు. జిర్‌ఫాల్కనుతో పోల్చినపుడు బైరి డేగ చాల చిన్నది. అయినను పైనుండి రెక్కలు ముడిచి దూకునపుడు దాని వేగము గంటకు 300 కిలోమీటర్లు దాటుతుందని ఆధునిక పరిశీలనలలో తేలింది. అన్ని జాతులలోను ఆడ డేగ పెద్దది, మగ డేగ చిన్నది.

శిక్షణ

గూటి నుండి తీసిన పిల్లలు, స్వేచ్ఛగా ఎగురుచుండగా పట్టిన డేగలు అని శిక్షణకు వచ్చు పక్షులు రెండు విధములు. పిల్లలను వీలైనంత కాలము తల్లిదండ్రుల వద్దనే గూటిలో ఉండనీయవలెనని ఫ్రెడెరిక్ చెప్పాడు. మరీ చిన్నతనమున తెచ్చిన పిల్లలు బలహీనములై, ఎల్లప్పుడు అరచు అలవాటు చేసుకుంటాయని హెచ్చరించాడు. తెచ్చిన పిల్లలను గూటిని పోలిన ఎత్తైన చోట ఉంచి, అచ్చటనే మేత పెట్టి, కట్టివేయక పెంచవలెను. అవి స్వేచ్ఛగా తిరిగి రెక్కబలము సంపాదించిన పిమ్మటనే పట్టుకొని శిక్షణ ప్రారంభించవలెను.

స్వేచ్ఛగా పెరిగిన డేగను పట్టినపుడు చేయు పని కష్టతరమైనది. ముందుగా దాని కనురెప్పలను సన్నని దారముతో కుట్టి మూసేవారు. కొత్త మనుషులను, కొత్త చోటును చూచి బెదరి రెక్కలు విరుగగొట్టుకొనకుండుటకు ఈ పద్ధతి వాడేవారు. కుళ్ళాయి వాడుక పెరిగిన తరువాత ఐరోపాలో ఇది క్రమముగా వెనుకబడింది. కాళ్ళకు మెత్తని తోలు పట్టీలు, ఒక చిరుగంట కట్టేవారు. శిక్షకుడు తోలు చేతొడుగు ధరించి, చీకటి గదిలో దానిని పిడికిలిపై నిలుపుకొని గంటల తరబడి తిరగవలెను. మేత పెట్టు ప్రతిసారి ఒకే రాగమును ఆలపించవలెను. ఆ రాగము వినగానే మేత జ్ఞాపకమునకు వచ్చునట్లు అలవాటు చేయవలెను. పక్షి కలవరపడినపుడు కండరములు, నరములు గల మాంసపు ముక్కను అందించినచో, దానిని లాగుటలో పడి భయమును మరచిపోతుంది.

పిదప కుట్లను కొద్దికొద్దిగా వదలుచేసి, మొదట చీకటిలోను, తరువాత దీపపు వెలుగులోను, ఆ మీదట తెల్లవారుజామునను లోకమును చూపేవారు. గదిలో, వాకిట, గుఱ్ఱముపై, కుక్కల నడుమ ఇలా ఒక్కొక్క మెట్టు ఎక్కించేవారు. తొందరపడి ఒక మెట్టు దాటించినచో మొదటికి వచ్చుట తప్పదు. డేగను కొట్టి లొంగదీయుట సాధ్యము కాదు. దండనకు అది భయపడుతుందే గాని మచ్చిక కాదు. ఆకలి, అలవాటు, మనిషి చేతి మీద కలిగిన నమ్మకము ఈ మూడే సాధనములు.

తరువాతి దశ ఎరబొమ్మ. పక్షి రెక్కలను కట్టగా కట్టి, దానిపై మాంసము ఉంచి, త్రాటితో త్రిప్పి డేగను పిలిచేవారు. క్రౌంచ పక్షులను వేటాడవలసిన జిర్‌ఫాల్కనుకు క్రౌంచపు రెక్కలతోనే ఎరబొమ్మను చేయవలెనని ఫ్రెడెరిక్ నియమము. మొదట డేగ కాలికి పొడవైన దారము కట్టి పిలిచి, నమ్మకము కుదిరిన పిమ్మట దారము విప్పేవారు. ఆ క్షణము నుండి డేగను పట్టి ఉంచునది ఏదియు లేదు. అది తిరిగి వచ్చినచో శిక్షణ ఫలించినట్లు, రానిచో అన్ని నెలల శ్రమయు ఆకాశములో కలసిపోయినట్లు.

వేట

గ్రంథములోని చివరి మూడు భాగములు వేటకు సంబంధించినవి. జిర్‌ఫాల్కనుతో క్రౌంచ పక్షులను, సేకరుతో నారాయణ పక్షులను, బైరి డేగతో బాతులు మొదలగు నీటి పక్షులను వేటాడు విధానము వీటిలో ఉన్నది. ఇందులో చిన్నదైన బైరి డేగ వేటయే ఎక్కువ నేర్పు కోరునది. పెద్ద డేగలను ఎర కనిపించిన తరువాత పిడికిలి నుండి వదలుతారు. బైరి డేగను మాత్రము ఎర లేవకముందే వదలాలి. అది శిక్షకుని తలపై ఎత్తున చుట్లు తిరుగుతూ వేచి ఉంటుంది. మనుషులు, కుక్కలు వాగులోని బాతులను లేపినపుడు అది పైనుండి విరుచుకుపడుతుంది. ఆకాశములో స్వేచ్ఛగా ఉన్న పక్షి, తన ఇష్టముతోనే క్రింది మనిషిని కనిపెట్టి ఉండుట ఈ వేటలోని విశేషము.

డేగ శిక్షకునకు ఉండవలసిన లక్షణములను ఫ్రెడెరిక్ వివరముగా చెప్పాడు. అతడు మరీ లావుగాను, మరీ పొట్టిగాను ఉండరాదు. చూపు, వినికిడి చురుకుగా ఉండవలెను. దూరమునకు వినిపించు కంఠము కావలెను. నీటికి ఆవల పడిన డేగను చేరుటకు ఈత వచ్చి ఉండవలెను. రాత్రివేళ గంట చప్పుడైనచో మెలకువ వచ్చునంత తేలిక నిద్ర గలవాడు కావలెను. త్రాగుబోతు, కోపిష్టి, సోమరి ఈ పనికి తగరు. వేటలో ఎన్ని పక్షులు దొరికినవి అనుటకంటె డేగ ఎంత బాగుగ ఎగిరినది అనుటయే నిజమైన శిక్షకునకు ముఖ్యమని ఇతని అభిప్రాయము.

గ్రంథరచన, పరిశీలనలు

సుమారు ముప్పది సంవత్సరముల పాటు విషయములను సేకరించి, 1240వ దశకములో ఫ్రెడెరిక్ ఈ గ్రంథమును కూర్చాడు. ఇందులో ఆరు భాగములు ఉన్నాయి. మొదటి భాగము వేటను గూర్చి కాక, పక్షులను గూర్చియే. వాటి ఆహారము, గూళ్ళు, వలసలు, ఎముకలు, ఈకలు, ఎగురు విధానము ఇందులో ఉన్నాయి.

ఆ కాలమున విద్యావంతులు అరిస్టాటిల్ చెప్పినదానిని ప్రశ్నించుట అరుదు. ఫ్రెడెరిక్ అరిస్టాటిల్‌ను గౌరవించి, అవసరమైనచోట ఉపయోగించుకున్నాడు. అయితే ఆయన పక్షులతో వేటాడినవాడు కాడనియు, విన్నదానిని వ్రాసిన చోట్ల పొరపాట్లు ఉన్నవనియు స్పష్టముగా చెప్పాడు. ఉన్నదానిని ఉన్నట్లు చూపుటయే తన ఉద్దేశమని ప్రకటించాడు. ఇతని పరిశీలనలలో ముఖ్యమైనవి:

* రాబందులు వాసనతో ఆహారమును కనుగొంటాయను నమ్మకమును పరీక్షించుటకు, వాటి కళ్ళు మూసి ముందు మాంసము ఉంచాడు. అవి దానిని గుర్తించలేదు. చూపుతోనే కనుగొంటాయని నిర్ణయించాడు.
* బార్నకిల్ బాతులు సముద్రపు కొయ్యలకు పట్టిన గుల్లల నుండి పుడతాయని ఆనాడు నమ్మేవారు. ఫ్రెడెరిక్ ఉత్తర దేశములకు మనుషులను పంపి ఆ కొయ్యలను తెప్పించి చూశాడు. వాటిలో పక్షిని పోలినదేదియు కనిపించలేదు. ఎవరును చూడని దూరదేశములో అవి గూళ్ళు కడుతుండుటచే ఈ కథ పుట్టి ఉంటుందని ఊహించాడు. ఈ ఊహ నిజమని తరువాత తేలింది.
* ఈజిప్టు నుండి పనివారిని రప్పించి, నిప్పుకోడి గ్రుడ్లు అపూలియా ఎండలో పొదుగునేమో పరీక్షించాడు.
* ఒక చిన్న పక్షి గూటిలో దొరికిన వింత పిల్లను పెంచి చూచి, అది కోకిల జాతి పిల్ల అని నిర్ధారించాడు.
* క్రౌంచ పక్షులు వరుస కట్టి ఎగురునపుడు ముందున్న పక్షి అలసినచో మరొకటి ఆ స్థానమునకు వచ్చుటను గమనించాడు.

పోపులతో వైరము

ఉత్తరమున జర్మనీ, దక్షిణమున సిసిలీ ఒకే రాజు చేతిలో ఉండుట నడుమనున్న పోపుల రాజ్యమునకు భయము కలిగించింది. ఉత్తర ఇటలీలోని లొంబార్డీ నగరములు చక్రవర్తి అధికారమును అంగీకరించలేదు. 1237లో కోర్తెనువోవా వద్ద ఫ్రెడెరిక్ ఆ నగరముల సైన్యమును ఘోరముగా ఓడించాడు. మిలాను నగరము సంధికి సిద్ధపడినను, బేషరతుగా లొంగిపోవలెనని పట్టుబట్టి ఆ అవకాశమును జారవిడిచాడు. పక్షి విషయములో అంతటి ఓర్పు చూపినవాడు మనుషుల విషయములో దానిని చూపలేదు. 1239లో పోపు ఇతనిని మరల వెలివేశాడు. 1245 జూలై 17న లియోన్ నగరములో జరిగిన మహాసభలో పోపు నాలుగవ ఇన్నోసెంట్ ఇతనిని పదవీచ్యుతునిగా ప్రకటించాడు.

స్వంత కుటుంబమునందును శాంతి లేదు. జర్మనీలో రాజప్రతినిధిగా ఉంచిన పెద్దకొడుకు హెన్రీ తిరుగుబాటు చేయగా, 1235లో అతనిని పదవి నుండి తొలగించి బంధించాడు. హెన్రీ 1242లో బందీగానే మరణించాడు.

పార్మా ముట్టడి

1247లో ఫ్రెడెరిక్ పోపును ఎదుర్కొనుటకు లియోన్ వైపు వెళ్ళ నిశ్చయించుకున్న సమయమున పార్మా నగరము శత్రుపక్షమున చేరినదను వార్త వచ్చింది. ఉత్తర ఇటలీ మార్గములకు ఆ నగరము కీలకము. ఫ్రెడెరిక్ వెనుదిరిగి దానిని ముట్టడించాడు. చలికాలము వచ్చినను నగరము లొంగలేదు. అప్పుడు నగరమునకు ఎదురుగా కొయ్యతో ఒక కొత్త ఊరును కట్టించి, దానికి విత్తోరియా (విజయము) అని పేరు పెట్టాడు. పార్మాను నేలమట్టము చేసి దీనినే శాశ్వత నగరము చేయవలెనని తలచాడు. ధనాగారము, కిరీటము, రాజముద్ర, గ్రంథములు, డేగలు, అన్యదేశపు జంతువులు అన్నియు అచ్చటికి చేర్చాడు.

1248 ఫిబ్రవరి 18న ఫ్రెడెరిక్ పరివారముతో కలసి డేగవేటకు వెళ్ళాడు. పార్మా వారు ఒక చిన్న దళమును బయటకు పంపగా, శిబిరములోని సైన్యములో కొంత భాగము దానిని తరుముతూ పోయింది. ఆకలితో అలమటించుచున్న నగరవాసులు, స్త్రీ పురుష భేదము లేక, అదను చూచి కోట తలుపులు తెరచి విత్తోరియాపై పడ్డారు. ఊరు తగులబడింది. చక్రవర్తికి నమ్మకస్తుడైన న్యాయవేత్త సుయెస్సా వాసి తద్దెయో హతుడయ్యాడు. మంటలను చూచి ఫ్రెడెరిక్ వేట నుండి తిరిగి వచ్చునప్పటికి చేయి దాటిపోయింది. కొద్దిమందితో తప్పించుకొని క్రెమోనా నగరమునకు చేరాడు. చక్రవర్తి కిరీటమును పార్మాకు చెందిన ఒక పొట్టి మనిషి చేత పట్టుకొని ఊరేగాడని ఆ ఊరివాడే అయిన చరిత్రకారుడు సలింబేనె వ్రాశాడు.

దోపిడిలో డేగవేట గ్రంథపు రాజప్రతియు పోయింది. బంగారు, వెండి అలంకారములతో, చిత్రములతో కూడిన రెండు సంపుటములు మిలాను నగరపు వర్తకుని చేతికి చిక్కాయి. 1264–65 ప్రాంతమున ఆ వర్తకుడు వాటిని ఫ్రెడెరిక్ వంశమునకు శత్రువైన అంజూ చార్లెస్‌కు ఇవ్వజూపుతూ వ్రాసిన లేఖ వలననే వాటి రూపము మనకు తెలిసింది. అటుపిమ్మట ఆ ప్రతి జాడ లేదు.

చివరి రోజులు, మరణము

పార్మా దెబ్బ తరువాత ఫ్రెడెరిక్ కోలుకొనుటకు ప్రయత్నించాడు గాని కష్టములు వెంటాడాయి. 1249లో అత్యంత సన్నిహితుడైన మంత్రి పియెర్ దెల్లా విన్యా ద్రోహము చేశాడను ఆరోపణపై బంధింపబడి, కళ్ళు పోగొట్టబడి, చెరలో మరణించాడు. అదే సంవత్సరము మే నెలలో ప్రియపుత్రుడు ఎంజియో బొలోనా వారికి పట్టుబడ్డాడు. తండ్రి ఎంత ప్రయత్నించినను వారు అతనిని విడువలేదు. ఎంజియో 1272లో మరణించువరకు చెరలోనే ఉన్నాడు.

1250 డిసెంబరు 13న అపూలియాలోని కాస్టెల్ ఫియొరెంతీనోలో ఫ్రెడెరిక్ విరేచనముల వ్యాధితో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములకు కొద్దిరోజులు తక్కువ. పలెర్మో ప్రధాన చర్చిలో తల్లిదండ్రుల సమాధుల చెంత, ఎర్రని పోర్ఫిరీ రాతి పేటికలో ఆయనను ఉంచారు. కుమారుడు మాన్‌ఫ్రెడ్ 1266లో బెనెవెంతో యుద్ధములో మరణించగా, మనుమడు కొన్రాదిన్‌ను 1268లో నేపుల్సులో అంజూ చార్లెస్ శిరచ్ఛేదము చేయించాడు. దానితో హోహెన్‌స్టాఫెన్ రాజవంశపు అధికారము ముగిసింది.

గ్రంథము తరువాతి చరిత్ర

రాజప్రతి పోయినను గ్రంథము పోలేదు. మాన్‌ఫ్రెడ్ కూడ డేగవేటలో తండ్రి అంతటి ఆసక్తి గలవాడు. తండ్రి వ్రాసి ఉంచిన కాగితములను వెదకి, మొదటి రెండు భాగములకు కొత్త ప్రతిని సిద్ధము చేయించి, తాను చేర్చిన వాక్యములకు గుర్తులు పెట్టాడు. ఈ ప్రతి నేడు వాటికను గ్రంథాలయములో ఉన్నది. దాని అంచులపై రంగులతో చిత్రించిన వందలాది పక్షులలో చాలవాటి జాతిని నేటికీ గుర్తుపట్టవచ్చును. ఆరు భాగములును గల ప్రతులు వేరుగా దొరికాయి. 1596లో ఔగ్స్‌బర్గ్ నగరమున మొదటిసారి ముద్రణ జరిగింది. 1943లో పూర్తి ఆంగ్లానువాదము వెలువడింది. ఫ్రెడెరిక్ 1239–40 నాటి దస్త్రపు మూలప్రతి మాత్రము అదే 1943లో, రెండవ ప్రపంచ యుద్ధ సమయమున, నేపుల్సు పత్రాగారముతో పాటు కాలిపోయింది.

అంచనా

సమకాలికులలో కొందరు ఫ్రెడెరిక్‌ను ప్రపంచపు వింతగా కీర్తించారు. పోపు పక్షమువారు క్రీస్తు విరోధి అని నిందించారు. కవి దాంతె తన కావ్యములో ఇతనిని నరకమున మతధిక్కారుల నడుమ ఉంచాడు. సలింబేనె వంటి చర్చి పక్షపు రచయితలు ఇతని క్రూర ప్రయోగములను గూర్చి చెప్పిన కథలను చరిత్రకారులు జాగ్రత్తగా పరిగణిస్తారు. మతసహనము గల ఆధునికునిగా ఇతనిని చూపుట ఎంత అతిశయోక్తియో, కేవలము నిరంకుశునిగా చూపుటయు అంతే అసమగ్రము.

ఇతని రాజకీయ నిర్మాణములు ఇతనితోనే కూలిపోయాయి. రాజ్యము మధ్యలో విడిచి తీరిక వేళల వ్రాసిన పుస్తకము నిలిచింది. ఎవరు చెప్పినదైనను కంటితో చూచి సరిపోల్చుకొనవలెనను పద్ధతిని ఇతడు డేగల వద్ద నేర్చుకున్నాడు. ఆజ్ఞకు లొంగని పక్షిని నెలల ఓర్పుతో తిరిగి వచ్చునట్లు చేయగలిగిన ఈ చక్రవర్తి, ఇటలీ నగరములను అట్లు చేయలేకపోయాడు.

విశేషాలు

* యాఫా సంధి కుదిరిన ఫిబ్రవరి 18వ తేదీననే, 19 సంవత్సరముల తరువాత, విత్తోరియా శిబిరము ధ్వంసమైంది.
* అల్ కామిల్ పంపిన ఏనుగును ఫ్రెడెరిక్ ఊరేగింపులలో వెంట తీసుకొని వెళ్ళేవాడు. ఈజిప్టు సుల్తాను నుండి వచ్చిన తెల్లని కాకటూ చిలుక బొమ్మ వాటికను ప్రతిలో ఉన్నది.
* కాస్టెల్ డెల్ మోంటె కోటను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించింది. ఇటలీ ముద్రించిన ఒక సెంటు యూరో నాణెముపై ఈ కోట బొమ్మ ఉన్నది.
* డేగవేటను యునెస్కో 2010లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ట్యునీషియా వంటి కొన్ని దేశములలో చిన్న వేటపక్షులను వలస కాలమున పట్టి, శిక్షణ ఇచ్చి, ఒక ఋతువు వేటాడిన పిమ్మట మరల అడవికి వదలివేయు ఆచారము ఉన్నది.
* భారతదేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము బైరి డేగ రక్షిత పక్షి. దానిని పట్టుట, పెంచుట నేరము.